గరిక నుంచి సజ్జ దాకా: గోల్ఫ్ పచ్చిక పరిశోధన, మెట్ట సేద్యం

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:
- గోల్ఫ్ ఆటపై జరిగిన శాస్త్ర పరిశోధనలోని ముఖ్య శాఖలను పేర్కొనడం.
- గోల్ఫ్ పచ్చిక కోసం గరికపై జరిగిన పరిశోధన క్రమాన్ని వివరించడం.
- అదే పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సజ్జ వంశం భారతదేశ మెట్ట సేద్యంపై చూపిన ప్రభావాన్ని విశ్లేషించడం.
- పంటలో 'ఏకరూపత' వల్ల కలిగే లాభనష్టాలను చారిత్రక ఆధారాలతో చర్చించడం.

7.1 పరిచయం

రాచర్ల, గిద్దలూరు, మార్కాపురం వైపు మెట్ట పొలాల్లో గరిక ఒక మొండి కలుపు. గుంటక తోలినా, పారతో తవ్వినా ఒక్క కణుపు నేలలో మిగిలితే చాలు, తొలకరి వానకు మళ్ళీ అల్లుకుంటుంది. వినాయక చవితినాడు పత్రితో పాటు దేవుడి ముందుకు వచ్చే ఈ గడ్డిని మిగిలిన రోజుల్లో రైతు పీకి గట్టుమీద పారేస్తాడు. అదే పొలంలో అతను శ్రద్ధగా పెంచే పంటల్లో సజ్జ ఒకటి. గింజ రొట్టెకూ సంగటికీ, చొప్ప పశువులకూ పనికివస్తాయి. తక్కువ వానకు, తేలిక నేలకు ఓర్చుకొనే పైరు కాబట్టి నల్లమల, వెలిగొండ కొండల నడుమనున్న ఈ పొడి ప్రాంతానికి అది తగిన పంట.

ఒకటి కలుపు, మరొకటి తిండిగింజ. ఈ రెండింటి చరిత్రలూ ఇరవయ్యో శతాబ్దంలో ఒకేచోట కలుసుకొన్నాయి. ఆ చోటు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే చిన్న పట్టణం. అక్కడి పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త గరికను సంకరపరచి గోల్ఫ్ మైదానాలకు పచ్చికను తయారుచేశాడు. అదే కేంద్రంలో ఆయన తయారుచేసిన ఒక సజ్జ వంశం 1960లలో భారతదేశానికి వచ్చి, దేశమంతటా హైబ్రిడ్ సజ్జకు తల్లి అయింది. కొన్నేళ్ళ తరువాత ఆ హైబ్రిడ్లు తెగులుకు లొంగిపోయాయి. ఆ నష్టాన్ని సరిదిద్దే పనిలో కొంత భాగం మన పటాన్‌చెరులో జరిగింది.

గోల్ఫ్ మైదానానికి గుణమైన ఏకరూపత రైతు పొలంలో ఎందుకు ప్రమాదంగా మారింది? ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతుంది.

7.2 గోల్ఫ్‌పై శాస్త్ర పరిశోధన: బంతి, దెబ్బ, నేల

గోల్ఫ్ స్కాట్లండులో పెరిగిన ఆట. జనం విలువిద్య అభ్యాసం మాని ఈ ఆటలో మునిగిపోతున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీనిని నిషేధించింది. బ్రిటిష్ పాలనతో పాటు ఈ ఆట మన దేశానికి వచ్చింది. 1829లో కలకత్తాలో ఏర్పడిన గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవులకు వెలుపల వెలసిన క్లబ్బులలో అత్యంత పాతది. తెలుగునాట విశాఖపట్నంలో 1884లోనే ఈస్ట్ పాయింట్ క్లబ్బు మొదలయింది. హైదరాబాదులో గోల్కొండ కోటకు చెందిన నయా ఖిలా ఆవరణలో గోల్ఫ్ మైదానం ఉంది.

ఈ ఆటపై జరిగిన పరిశోధనను మూడు శాఖలుగా చూడవచ్చు.

మొదటిది బంతి. 1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే చెట్టుపాలతో చేసిన బంతులు వాడుకలోకి వచ్చాయి. కొత్త నున్నని బంతి కంటె, దెబ్బలు తిని గాట్లు పడిన పాత బంతి చక్కగా ఎగురుతోందని ఆటగాళ్ళు గమనించారు. ఎడింబరో విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు పి.జి. టెయిట్ 1890లలో బంతి గమనాన్ని లెక్కకట్టి, కింది నుంచి పైకి తిరిగే భ్రమణమే దానిని గాలిలో ఎక్కువసేపు నిలుపుతోందని చూపాడు. ఎలక్ట్రాన్‌ను కనుగొన్న జె.జె. థామ్సన్ 1910లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గోల్ఫ్ బంతి గతిశాస్త్రంపై ఉపన్యసించాడు. బంతిపై గుంటల అమరికకు విలియం టేలర్ 1905లో పేటెంటు పొందాడు. ఆ గుంటలు బంతిని అంటిపెట్టుకొన్న పలుచని గాలిపొరను అల్లకల్లోలం చేస్తాయి. అలా కదిలిన గాలి బంతి వెనక వైపు దాకా అంటుకొని సాగుతుంది, వెనక ఏర్పడే సుడి సన్నబడుతుంది, గాలి నిరోధం తగ్గుతుంది.

రెండవది దెబ్బ. ఆటగాడి భుజాలు, మణికట్లు, కర్ర ఏ క్రమంలో కదలాలో బ్రిటన్ శాస్త్రవేత్తల బృందం పరిశీలించింది. వారి ఫలితాలను కోక్రన్, స్టాబ్స్ 1968లో పుస్తకంగా వెలువరించారు.

మూడవది నేల. మొదటి రెండింటికీ దక్కిన ప్రచారం దీనికి దక్కలేదు. అయితే ఆట మైదానం దాటి బయటి ప్రపంచంపై ఎక్కువ ప్రభావం చూపింది ఈ శాఖే. ఇకపై మన చర్చ దీని గురించే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గోల్ఫ్ బంతిపై గుంటలు ఎందుకు ఉంటాయి?

7.3 పచ్చికపై పరిశోధన ఎందుకు మొదలయింది?

గోల్ఫ్ ఆటలో చివరి ఘట్టం 'గ్రీన్' మీద జరుగుతుంది. గుంత చుట్టూ చాలా పొట్టిగా కత్తిరించిన పచ్చిక ఉన్న జాగాను గ్రీన్ అంటారు. అక్కడ బంతి గాలిలో ఎగరదు, నేలమీద దొర్లుతుంది. ఒకచోట గడ్డి ఒత్తుగా, మరొకచోట పలుచగా ఉంటే బంతి దారి తప్పుతుంది. అలాంటప్పుడు ఆటగాడి నేర్పు కంటె అదృష్టమే గెలుపును నిర్ణయిస్తుంది. కాబట్టి గ్రీన్ అంతటా గడ్డి ఒకే ఎత్తు, ఒకే ఒత్తు, ఒకే రకం ఉండాలి. పోటీ న్యాయంగా ఉండాలన్న కోరిక నుంచే ఏకరూపత మీద మోజు పుట్టింది.

స్కాట్లండు సముద్రతీరంలో చల్లని వాతావరణానికి తగిన సన్నగడ్డి సహజంగా పెరుగుతుంది. వేడి దేశాల్లో ఆ గడ్డి ఎండకు తాళలేదు. అందుకే మన దేశంలోని అనేక పొడి ప్రాంతాల్లో పూర్వం గ్రీన్‌లకు బదులు 'బ్రౌన్'లు ఉండేవి. ఇవి నూనె కలిపి చదునుచేసిన ఇసుక జాగాలు. అమెరికా దక్షిణ రాష్ట్రాలదీ ఇదే ఇబ్బంది.

అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన చార్లెస్ పైపర్, రస్సెల్ ఓక్లీ అనే ఇద్దరు గడ్డి నిపుణులు 1917లో గోల్ఫ్ మైదానాల పచ్చికపై ఒక గ్రంథం ప్రచురించారు. 1920లో అమెరికా గోల్ఫ్ సంఘం ఆ శాఖ సహకారంతో 'గ్రీన్ సెక్షన్' అనే పరిశోధన విభాగాన్ని ఏర్పరచింది. వాషింగ్టన్ సమీపాన ఆర్లింగ్టన్‌లోని ప్రభుత్వ క్షేత్రంలో పచ్చిక మళ్ళు వేసి రకాలను పరీక్షించారు. 1941లో ఆ ప్రాంతంలోనే అమెరికా రక్షణ శాఖ భవనం పెంటగాన్ నిర్మాణం మొదలయింది.

బంతి వేగాన్ని కొలిచే పరికరం కూడా వచ్చింది. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ ఒక చిన్న వాలుబద్దను తయారుచేశాడు. దానిమీద నుంచి వదిలిన బంతి ఎన్ని అడుగులు దొర్లిందో చూసి గ్రీన్ వేగాన్ని చెప్పవచ్చు. 1970ల చివరలో గోల్ఫ్ సంఘం దీనిని మెరుగుపరచి క్లబ్బులకు అందించింది. దాంతో ఏకరూపతను అంకెల్లో పోల్చడానికి వీలు కలిగింది. మైదానాల మధ్య పోటీ కూడా పెరిగింది. ఒక లక్షణాన్ని కొలవడం సాధ్యమయితే ఆ లక్షణమే లక్ష్యంగా మారడం శాస్త్ర చరిత్రలో తరచు కనిపిస్తుంది.

7.4 టిఫ్టన్ కేంద్రం: గొడ్డు గరిక

గ్లెన్ బర్టన్ 1910లో నెబ్రాస్కా రాష్ట్రంలో జన్మించాడు. 1936లో రట్గర్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొంది, ఆ ఏడే టిఫ్టన్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. పత్తి ఏళ్ళ తరబడి వేసి సారం కోల్పోయిన నేలలకు మంచి పశుగ్రాసం కావాలి. ఆయనకు అప్పగించిన పని అదే. ఆయన ఎంచుకొన్నది గరిక. జార్జియా పత్తి రైతులకూ గరిక కలుపే. ఆ గడ్డిని కావాలని నాటించడానికి మొదట్లో వారు ఇష్టపడలేదు. అయినా 1943లో ఆయన విడుదల చేసిన 'కోస్టల్' గరిక మేతగా విస్తారంగా వ్యాపించింది.

తరువాత గోల్ఫ్ సంఘం ఆర్థిక సహాయంతో బర్టన్ పచ్చిక రకాలపై దృష్టి పెట్టాడు. ఆయన పద్ధతి ఇది. మన గరికలో సాధారణంగా 36 క్రోమోజోములు ఉంటాయి. దక్షిణాఫ్రికాకు చెందిన సన్నగరికలో 18 ఉంటాయి. ఈ రెండింటినీ సంకరపరిస్తే పుట్టే మొక్కలో 27 ఉంటాయి. విత్తనం ఏర్పడాలంటే క్రోమోజోములు జతలుగా కూడాలి. మూడేసి వరుసలు ఉన్న మొక్కలో అవి సరిగా జతకూడవు. కాబట్టి ఆ మొక్క గొడ్డుది, దానికి పనికివచ్చే విత్తనం రాదు.

వ్యవసాయంలో ఇది లోపమే. గోల్ఫ్‌లో వరమయింది. విత్తనం రాలితే భిన్నమైన పిల్లమొక్కలు మొలిచి పచ్చిక కలగాపులగం అవుతుంది. గొడ్డు గరికలో ఆ బెడద లేదు. కణుపుల ముక్కలు నాటి పెంచడమే దాని మార్గం. అప్పుడు మైదానంలో ఉన్న ప్రతి పరకా జన్యుపరంగా ఒకే మొక్క. ఈ విధంగా 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే విడుదలయ్యాయి. ఈ పేర్లలోని 'టిఫ్' టిఫ్టన్‌కు సంకేతం.

అయితే ప్రకృతి ఏకరూపతకు పూర్తిగా లొంగదు. టిఫ్‌గ్రీన్ నాటిన కొన్ని గ్రీన్‌లలో అక్కడక్కడ మరింత పొట్టి, ముదురాకుపచ్చ మచ్చలు కనిపించాయి. అవి సహజంగా కలిగిన ఉత్పరివర్తనాలు. వాటినుంచి ఏరి 1965లో టిఫ్‌డ్వార్ఫ్ అనే రకాన్ని విడుదల చేశారు. దానిని సుమారు 5 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించవచ్చు. బర్టన్ తరువాత టిఫ్టన్‌లో ఆ పనిని కొనసాగించిన వేన్ హన్నా గామా కిరణాలతో కావాలనే ఉత్పరివర్తనాలు కలిగించి, 1997లో టిఫ్‌ఈగిల్ అనే మరింత పొట్టి రకాన్ని అందించాడు. గామా కిరణాల సంగతి గుర్తుంచుకోండి. సజ్జ కథలో అది మళ్ళీ వస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
27 క్రోమోజోములున్న గరిక ఎందుకు గొడ్డుది? గోల్ఫ్‌కు అది ఎలా ఉపయోగపడింది?

7.5 అదే కేంద్రం, మరో మొక్క

బర్టన్ గరికతో పాటు సజ్జపై కూడా జీవితకాలం పనిచేశాడు. అమెరికాలో సజ్జ మనుషుల తిండి కాదు, పశువుల మేత. మేత దిగుబడి పెంచడానికి ఆయనకు హైబ్రిడ్ కావలసి వచ్చింది.

సజ్జలో హైబ్రిడ్ తయారుచేయడం ఎందుకు కష్టమో ముందు తెలుసుకోవాలి. సజ్జ కంకిలో కీలాగ్రాలు ముందు బయటికి వస్తాయి, పుప్పొడి తరువాత వస్తుంది. కాబట్టి పక్క మొక్కల పుప్పొడితోనే ఎక్కువగా గింజ కడుతుంది. ఈ స్వభావాన్ని ఆసరా చేసుకొని మద్రాసు రాష్ట్రంలో కోయంబత్తూరు శాస్త్రవేత్తలు 1950 ప్రాంతంలోనే రెండు వంశాలను కలిపి చల్లి, వాటంతట అవి సంకరమయ్యే పద్ధతిని ప్రయత్నించారు. అప్పటికి రాచర్ల ప్రాంతం కర్నూలు జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అయితే ఆ విత్తనంలో హైబ్రిడ్ మొక్కలతో పాటు తల్లిదండ్రుల వంశాల మొక్కలు కూడా చాలా ఉండేవి. అందువల్ల లాభం పరిమితమే.

నూరుశాతం హైబ్రిడ్ విత్తనం రావాలంటే తల్లి మొక్కకు సొంత పుప్పొడి ఉండకూడదు. అలాంటి మొక్కను 'పురుషవంధ్య' మొక్క అంటారు. బర్టన్ 1950లలో ఈ లక్షణమున్న సజ్జను గుర్తించి, 1958లో దానిపై పరిశోధన పత్రం ప్రచురించాడు. దానినుంచి రూపొందిన వంశం టిఫ్ట్ 23ఎ.

ఈ పద్ధతిలో మూడు వంశాలు అవసరం.
- ఎ వంశం: పుప్పొడి లేని తల్లి.
- బి వంశం: అన్నివిధాలా ఎ వంశం వంటిదే, కాని పుప్పొడి ఉంటుంది. ఎ వంశాన్ని ఏటా నిలుపుకోవడానికి ఇది కావాలి.
- ఆర్ వంశం: తండ్రి. దీని పుప్పొడితో ఎ వంశంలో కట్టిన గింజే రైతుకు అమ్మే హైబ్రిడ్ విత్తనం.

ఇక్కడ గరికకూ సజ్జకూ ఉన్న పోలికను గమనించాలి. రెండు చోట్లా వంధ్యత్వమే సాధనం. రెండు చోట్లా ఫలితం ఏకరూపత. రెండు చోట్లా వాడుకదారుడు మొక్కల కోసం బయటి సరఫరాపై ఆధారపడతాడు. గోల్ఫ్ క్లబ్బు గొడ్డు గరిక ముక్కలను నర్సరీ నుంచి కొంటుంది. హైబ్రిడ్ సజ్జ వేసిన రైతు తన పంటలోని గింజను విత్తనంగా దాచుకొంటే మరుసటి ఏడు పైరు ఒక తీరుగా రాదు. అంతవరకు మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, కుండలో దాచి తరువాతి ఏడు విత్తుకొన్న కుటుంబం ఇప్పుడు ప్రతి ఏడూ అంగడికి వెళ్ళాలి. విత్తనం ఇంటి నుంచి అంగడికి మారడం మెట్ట గ్రామాల ఆర్థిక చరిత్రలో ఒక మలుపు. చాలామేరకు ఇంటి ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న విత్తనం ఎంపిక, నిల్వ అనే నేర్పుకు దీనివల్ల అవసరం తగ్గిపోయింది.

అయితే క్లబ్బుకూ రైతుకూ నడుమ ఒక తేడా ఉంది. గ్రీన్ మీద మచ్చ పడితే ఆ ముక్కను కోసి మరో ముక్క అతికిస్తారు. పొలం పోతే ఆ ఏటి తిండే పోతుంది.

7.6 హెచ్.బి.1: ఎదుగుదల, పతనం

టిఫ్ట్ 23ఎ 1960ల ఆరంభంలో భారతదేశానికి చేరింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో దిల్‌బాగ్ సింగ్ అత్వాల్ దానిని ఒక భారతీయ వంశంతో సంకరపరచి హెచ్.బి.1 అనే హైబ్రిడ్‌ను రూపొందించాడు. 1965లో అది విడుదలయింది. అప్పుడు దేశం తీవ్రమైన కరువులో ఉంది. గోధుమ, వరి విషయంలో హరిత విప్లవం మొదలవుతున్న రోజులవి. నీటి వసతి లేని ప్రాంతాలకు కూడా ఆ విప్లవం చేరగలదన్న ఆశను హెచ్.బి.1 కలిగించింది. పాత రకాల కంటె అది ఎంతో ఎక్కువ దిగుబడి ఇచ్చింది. తరువాత హెచ్.బి.2, హెచ్.బి.3, హెచ్.బి.4, హెచ్.బి.5 వరుసగా వచ్చాయి.

1965–66లో సుమారు 37 లక్షల టన్నులున్న దేశ సజ్జ ఉత్పత్తి 1970–71లో సుమారు 80 లక్షల టన్నులకు చేరింది. ఈ అంకెలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. మొదటిది కరువు ఏడు, రెండవది వానలు బాగా కురిసిన ఏడు. పెరుగుదల మొత్తాన్ని హైబ్రిడ్‌కే ఆపాదించకూడదు. అయినా దాని పాత్ర గణనీయమని చరిత్రకారులు, శాస్త్రవేత్తలు అంగీకరిస్తారు.

మరుసటి ఏడే ఉత్పత్తి సుమారు 53 లక్షల టన్నులకు పడిపోయింది. వానలతో పాటు వెర్రికంకి తెగులు కూడా దానికి కారణం. ఈ తెగులు సోకిన సజ్జలో కంకి గింజ పట్టదు. గింజ ఉండవలసిన చోట ఆకుల వంటి పచ్చని పిలకలు వస్తాయి. అందుకే దీనికి వెర్రికంకి అని పేరు. తెగులును కలిగించే జీవి విశ్రాంతి బీజాలు నేలలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. ఒకే రకాన్ని అదే పొలంలో మళ్ళీ మళ్ళీ వేస్తే అవి పేరుకుపోతాయి.

తెగులు కొత్తది కాదు. పూర్వం కూడా ఉండేది. అయితే పాత రకాల పొలంలో ఏ రెండు మొక్కలూ ఒకటి కావు. కొన్ని తెగులుకు లొంగితే కొన్ని నిలబడేవి. పంట తగ్గేది, పూర్తిగా పోయేది కాదు. హెచ్.బి. శ్రేణిలో ఐదు పేర్లు ఉన్నా తల్లి ఒక్కటే: టిఫ్ట్ 23ఎ. వెర్రికంకి బెడద లేని జార్జియాలో పుట్టిన ఆ వంశానికి దానిని తట్టుకొనే శక్తి లేదు. తల్లికి ఉన్న బలహీనత పిల్లలకు కూడా వచ్చింది. అంగడిలో రైతుకు వేర్వేరు రకాలు కనిపించాయి గాని పొలంలో తెగులుకు దాదాపు ఒకే మొక్క కనిపించింది.

ఇలాంటిదే 1970లో అమెరికా మొక్కజొన్నలో జరిగింది. అక్కడ కూడా హైబ్రిడ్లు ఎక్కువగా ఒకే రకం పురుషవంధ్య కణద్రవ్యంపై ఆధారపడ్డాయి. ఆకుమాడు తెగులు వచ్చి దేశపు పంటలో సుమారు 15 శాతం నష్టమయింది. ఏకరూపత వల్ల కలిగే ప్రమాదంపై ప్రపంచవ్యాప్తంగా చర్చకు ఆ సంఘటన దారితీసింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
హెచ్.బి. హైబ్రిడ్లన్నీ ఒకేసారి వెర్రికంకి తెగులుకు ఎందుకు లొంగాయి?

7.7 దిద్దుబాటు: ఢిల్లీ, పటాన్‌చెరు

రెండు దేశాల పంట నష్టాలూ పైకి ఒకే తీరుగా కనిపిస్తాయి. అందువల్ల సజ్జలో కూడా దోషం పురుషవంధ్య కణద్రవ్యానిదేనా అన్న సందేహం కలిగింది. తరువాతి పరీక్షల్లో అలా కాదని తేలింది. లోపం టిఫ్ట్ 23ఎ కేంద్రకంలోని జన్యువులలో ఉంది, కణద్రవ్యంలో కాదు. ఈ తేడా చాలా ముఖ్యమైనది. కణద్రవ్యమే దోషి అయితే ఆ పద్ధతినే వదిలేయాలి. కేంద్రకం అయితే పద్ధతిని ఉంచుకొని తల్లిని మార్చవచ్చు.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో భైరవభొట్ల రాధాకృష్ణమూర్తి, సహచరులు గామా కిరణాల సాయంతో టిఫ్ట్ 23 నుంచి తెగులును తట్టుకొనే మొక్కలను ఎంపికచేసి, 5071ఎ అనే కొత్త తల్లి వంశాన్ని రూపొందించారు. దానితో 1970ల నడుమ కొత్త హైబ్రిడ్లు వచ్చాయి.

1972లో హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, అంటే ఇక్రిశాట్ ఏర్పడింది. దాని బాధ్యతల్లో సజ్జ ఒకటి. అక్కడ పని రెండు దారుల్లో సాగింది.

మొదటి దారి, హైబ్రిడ్లకు కొత్త తల్లి. బర్టన్ వంశపు పొట్టి రూపానికి గామా కిరణాలు సోకించి, తెగులు తీవ్రంగా ఉండే మడిలో పెంచి, నిలబడిన మొక్కలను ఏరారు. అలా వచ్చినది 81ఎ. దానితో తయారైన ఐ.సి.ఎం.హెచ్.451 హైబ్రిడ్ 1986లో విడుదలయింది.

రెండవ దారి, హైబ్రిడ్లు కాని రకాలు. అనేక మొక్కల సముదాయం నుంచి ఎంపిక చేసిన ఈ రకాల్లో కొంత వైవిధ్యం మిగిలి ఉంటుంది. రైతు సొంత విత్తనం దాచుకోవచ్చు. 1982లో విడుదలైన డబ్ల్యు.సి.–సి75 ఇలాంటిది. పశ్చిమాఫ్రికాలోని టోగో దేశపు నాటు సజ్జ నుంచి ఎంపికచేసిన ఐ.సి.టి.పి.8203 రకాన్ని 1988లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లకు విడుదల చేశారు. ఆఫ్రికా సజ్జకు పుట్టినిల్లు. ఒక ఆఫ్రికా గ్రామంలో రైతులు తరతరాలుగా కాపాడిన విత్తనం ఇక్కడి మెట్ట పొలాలకు ఆధారమయింది. గింజలో ఇనుము ఎక్కువగా ఉండే 'ధనశక్తి' రకాన్ని తరువాత దీనినుంచే తీశారు.

2017లో ఇక్రిశాట్ నాయకత్వాన అంతర్జాతీయ బృందం సజ్జ జన్యుపటాన్ని ప్రచురించింది. అందుకు ప్రమాణంగా తీసుకొన్న మొక్క బర్టన్ టిఫ్ట్ 23 కుటుంబానికి చెందినదే. పొలంలో ఓడిపోయిన వంశం ప్రయోగశాలలో కొలబద్ద అయింది. ఏకరూపంగా ఉన్న మొక్క జన్యువులను చదవడం తేలిక. అదే లక్షణం చోటును బట్టి గుణమూ కావచ్చు, దోషమూ కావచ్చు.

7.8 చరిత్ర విద్యార్థి గమనించవలసిన అంశాలు

మొదటిది, శాస్త్రం ప్రయాణించే దారులు సూటిగా ఉండవు. గోల్ఫ్ పరిశోధనే సజ్జ హైబ్రిడ్‌ను ఇచ్చిందని అనడం సరికాదు. టిఫ్ట్ 23ఎ పశుగ్రాసం కోసం చేసిన పని. అయితే గరిక మీదా సజ్జ మీదా పనిచేసింది ఒకే కేంద్రం, ఒకే శాస్త్రవేత్త. వంధ్యత్వాన్ని సాధనంగా మార్చుకొనే ఆలోచన రెండింటిలోనూ ఉంది. కాబట్టి ఈ రెండు కథలను కలిపి చదివితే విడివిడిగా కనిపించని పోలికలు కనిపిస్తాయి.

రెండవది, వ్యక్తులను తీర్పు చెప్పే తొందర వద్దు. బర్టన్ తన వంశాన్ని భారతదేశానికి ఇవ్వడం వల్ల కరువు రోజుల్లో ఎందరికో తిండి దొరికింది. ఆయనకు 1982 సంవత్సరానికి అమెరికా జాతీయ విజ్ఞాన పతకం లభించింది. ఒకే తల్లిని దేశమంతటా వ్యాపింపజేయడం మాత్రం ఇక్కడి విధాన నిర్ణయం. కరువు కాలంలో వేగం ముఖ్యమయింది, వైవిధ్యం వెనకబడింది. ఆ తొందరకు కారణాలు ఉన్నాయి, దానికి మూల్యం కూడా ఉంది. చరిత్ర రచనలో రెండింటినీ చెప్పాలి.

మూడవది, నష్టం ఎవరి మీద పడిందో అడగాలి. ఉత్పత్తి అంకెలు దేశానికి సంబంధించినవి. 80 లక్షల టన్నులు 53 లక్షలకు తగ్గడం పట్టికలో ఒక వరుస మాత్రమే. వాననీటిపై రెండు మూడెకరాలు సాగుచేసే కుటుంబానికి వెర్రికంకి అంటే ఖాళీ అయిన గరిసె, పశువులకు కరువైన మేత, షావుకారు దగ్గర పెరిగిన బాకీ. పైగా హైబ్రిడ్ కోసం ఇంటి విత్తనాన్ని వదులుకొన్నవాడికి మళ్ళీ పాత రకానికి పోదామన్నా విత్తనం ఉండదు. ఈ చివరి నష్టం ఏ పట్టికలోనూ కనిపించదు. దానిని గ్రామాల్లో పెద్దవాళ్ళ జ్ఞాపకాల నుంచే సేకరించాలి.

7.9 సారాంశం

గోల్ఫ్‌పై శాస్త్ర పరిశోధన బంతి, దెబ్బ, నేల అనే మూడు శాఖలుగా సాగింది. గ్రీన్ అంతటా పచ్చిక ఒకే తీరుగా ఉండాలన్న అవసరం గరికపై పరిశోధనకు దారితీసింది. టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ విత్తనం రాని సంకర గరికలను రూపొందించాడు. ఆయనే రూపొందించిన పురుషవంధ్య సజ్జ టిఫ్ట్ 23ఎ ఆధారంగా 1965లో భారతదేశంలో హెచ్.బి.1 వచ్చింది. దిగుబడి పెరిగింది. తల్లి ఒక్కటే కావడంవల్ల వెర్రికంకి తెగులుకు ఆ హైబ్రిడ్లన్నీ లొంగాయి. ఢిల్లీ, పటాన్‌చెరు శాస్త్రవేత్తలు కొత్త తల్లి వంశాలతో, వైవిధ్యమున్న రకాలతో ఆ లోపాన్ని సరిదిద్దారు. ఆట మైదానంలో కోరదగిన ఏకరూపత తిండి పంటలో జాగ్రత్తగా వాడవలసిన సాధనమని ఈ చరిత్ర తెలుపుతుంది.

7.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. గాలిపొరను బంతి వెనక వైపు దాకా అంటుకొనేలా చేసి గాలి నిరోధాన్ని తగ్గించడానికి.
2. మూడేసి వరుసల క్రోమోజోములు సరిగా జతకూడవు కాబట్టి విత్తనం రాదు. అందువల్ల పచ్చికలో భిన్నమైన మొక్కలు మొలవవు.
3. వాటన్నిటికీ టిఫ్ట్ 23ఎ తల్లి కావడంవల్ల, ఆ వంశానికి తెగులును తట్టుకొనే శక్తి లేకపోవడంవల్ల.

7.11 క్షేత్ర అభ్యాసం

మీ గ్రామంలో 65 ఏళ్ళు పైబడిన రైతులు ముగ్గురితో మాట్లాడండి. వారిలో కనీసం ఒకరు మహిళ కావాలి. వారి చిన్నతనంలో ఏ సజ్జ రకాలు వేసేవారు, విత్తనం ఎవరు ఏరేవారు, ఎలా దాచేవారు, అంగడి విత్తనం ఎప్పుడు మొదలయింది, వెర్రికంకి వచ్చిన ఏడు ఏం చేశారు అన్న ప్రశ్నలు అడగండి. వారి మాటలను వారి యాసలోనే రాసుకోండి. సంవత్సరం గుర్తులేకపోతే పెళ్ళి, కరువు, ఎన్నికలు వంటి సంఘటనలతో ముడిపెట్టి కాలాన్ని అంచనా వేయండి. రెండు పుటలకు మించకుండా నివేదిక రాసి మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.

7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వరుసలలో సమాధానం రాయండి.
1. గోల్ఫ్ పచ్చికపై జరిగిన పరిశోధన క్రమాన్ని వివరించండి.
2. హెచ్.బి. సజ్జ హైబ్రిడ్ల ఎదుగుదల, పతనాలను కారణాలతో చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వరుసలలో సమాధానం రాయండి.
1. ఎ, బి, ఆర్ వంశాలు అంటే ఏమిటి?
2. హైబ్రిడ్ విత్తనం వల్ల రైతు కుటుంబంలో వచ్చిన మార్పు ఏమిటి?
3. సజ్జ పరిశోధనలో పటాన్‌చెరు సంస్థ పాత్రను తెలపండి.

7.13 కఠిన పదాలు

ఏకరూపత: అన్నీ ఒకే తీరుగా ఉండటం.
ఉత్పరివర్తనం: జన్యువులో కలిగే మార్పు.
పురుషవంధ్యత్వం: మొక్కలో పనికివచ్చే పుప్పొడి ఏర్పడకపోవడం.
వంశం: తరతరాలుగా ఒకే లక్షణాలతో నిలిపిన మొక్కల వరుస.
కణద్రవ్యం: కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం.